ఓమ్నిలో ఎగువ గోదారికి

మా కోనసీమలో కాటన్ దొర గురించి ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక ఊరి సెంటర్లో గుర్రం మీద ఉంటాడు, ఇంకో ఊళ్లో కాలవ గట్టున నిలబడి ఉంటాడు. మే 15న పుట్టినరోజు వచ్చిందంటే మెడలో బంతిపూల దండ పడుతుంది. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టాడు, 1852కి పూర్తి చేశాడు, ఆ నీళ్లతో పండిన అన్నమే మనం తింటున్నాం. ఇదంతా చిన్న క్లాసుల్లోనే బుర్రకి ఎక్కేస్తుంది.

అదే దొర, అదే గోదావరి మీద ఇంకో పెద్ద పని తలపెట్టాడని, అది సగంలో ఆగిపోయిందని మాత్రం నాకు బీటెక్ మూడో సంవత్సరం దాకా తెలీదు. ఆయన ఆలోచన ఇది. రైలు పట్టాల కన్నా నీటిదారి చవక. నాగపూర్, బేరార్ వైపు పండే పత్తిని ప్రాణహిత మీదుగా గోదావరిలోకి, గోదావరి మీదుగా తూర్పు తీరానికి పడవల్లో దించేస్తే చాలు. అప్పుడే అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. 1861 నుంచి 1865 దాకా లాంకషైర్ మిల్లులకి అమెరికా పత్తి సరిగ్గా అందలేదు. అందరి కళ్లూ మన దేశం పత్తి మీద పడ్డాయి. అయితే ఎగువ గోదారిలో మూడు చోట్ల నదికి అడ్డంగా రాతి బండలున్నాయి. దుమ్ముగూడెం దగ్గర ఒకటి, ఇచ్చంపల్లి దగ్గర ఒకటి, ఇంకా పైన ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర ఒకటి. వాటిని దాటించడానికి ఆనకట్టలు, పక్కనే కాలువలు, లాకులు కట్టాలని ప్లాను. హేగ్ అనే ఇంజనీరు ఆ పని నెత్తిన వేసుకున్నాడు. ఈలోగా 1867లో బొంబాయి నుంచి నాగపూర్‌కి రైలు వచ్చేసింది. 1871లో నది పని ఆపేశారు.

గెలిచిన ప్రాజెక్టు మా ఇంటి నుంచి గంట దూరంలో ఉంది. ఓడిన ప్రాజెక్టుని కూడా చూడాలనిపించింది. సివిల్ చదివేవాడికి ఈ మాత్రం కోరిక ఉండటం తప్పు కాదు కదండీ!

బండి సంగతి

ఒంటరిగా వెళ్లాలనే పిచ్చి మాత్రం యూట్యూబ్ పెట్టింది. ఆస్ట్రేలియాలో కారవాన్ వేసుకుని వందల కిలోమీటర్ల ఎర్రమట్టి ఎడారుల్లో ఒక్కరే తిరిగేవాళ్ల వీడియోలు హాస్టల్లో రాత్రుళ్లు తెగ చూసేవాణ్ని. వాళ్లు దార్లో ఆగి, ఇక్కడ ఫలానా అన్వేషకుడు చనిపోయాడు, ఇక్కడ ఫలానా చెట్టు మీద గుర్తు చెక్కాడు అని చెబుతుంటారు. అందులో బర్క్, విల్స్ అనే ఇద్దరి కథ నాకు బాగా గుర్తుండిపోయింది. 1860 ఆగస్టులో మెల్బోర్న్ నుంచి ఒంటెలతో, బళ్ల నిండా సామాన్లతో ఆర్భాటంగా బయల్దేరారు. ఉత్తర తీరం దాకా వెళ్లిన నలుగురిలో ముగ్గురు తిరుగుదారిలో చనిపోయారు. జాన్ కింగ్ ఒక్కడే బతికాడు. అతన్ని బతికించింది అక్కడే తరతరాలుగా ఉంటున్న యాండ్రువాండా జనం. అన్వేషకులకి అది ఎడారి, ఆ జనానికి అది ఇల్లు. ఈ ముక్క దగ్గర వీడియో ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను.

మనకి కారవాన్ ఎక్కడిది? నాన్న దగ్గర ఒక పాత ఓమ్ని ఉంది. కంపెనీ ఆ బండి తయారీని 2019లోనే ఆపేసింది గానీ, రావులపాలెం గెలల మార్కెట్‌కి వెళ్లి చూడండి, దాని విలువ తెలుస్తుంది. వెనక సీట్లు పీకేసి ప్లైవుడ్ చెక్క వేశాను, దాని మీద పరుపు. చెక్క కింద చిన్న గ్యాస్ స్టవ్వు, రెండు గిన్నెలు, వాటర్ టిన్ను. అమ్మ దోమతెర కుట్టి ఇచ్చింది. నాన్న ఏమీ మాట్లాడకుండా ఒక కర్పూరం గెల తెచ్చి లోపల తాడుతో వేలాడదీశాడు. దార్లో పరిచయం కావాలంటే రెండు అరటిపళ్లు ఇచ్చి మాట కలపమన్నాడు. ఆత్రేయపురం పూతరేకులు నాలుగు పెట్టెలు కూడా ఎక్కాయి.

మా తాతయ్య వయసులో ఉండగా రాజమండ్రి నుంచి ఎగువకి తిరిగే లాంచీల్లో సరంగుగా చేశాడు. రోడ్లు సరిగ్గా లేని రోజుల్లో భద్రాచలం వైపు వెళ్లేవాళ్లకి లాంచీయే దిక్కు. వెళ్లే ముందు రోజు రాత్రి కూర్చోబెట్టి రేవుల పేర్లు చెప్పాడు. పోలవరం, దేవీపట్నం, పేరంటపల్లి, శ్రీరామగిరి, కూనవరం... వేలు మడుస్తూ, ఎక్కడా తడుముకోకుండా. "మరి మ్యాప్ ఉండేదా తాతయ్యా?" అంటే, "మ్యాపెందుకురా, గెడకర్ర ఉండేది" అన్నాడు. ముందు ఒకడు గెడ వేసి లోతు చెబుతుంటే, వెనక ఈయన చుక్కాని తిప్పేవాడట. వరదొచ్చిన ప్రతి ఏడూ దారి మారిపోయేదట, మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవడమేనట.

మొదటి రోజు: రావులపాలెం నుంచి మారేడుమిల్లి

ఏడో సెమ్ పరీక్షలు అయ్యాక, డిసెంబర్ చివర్లో, తెల్లవారుజామున బయల్దేరాను. ఊరు దాటగానే గౌతమి బ్రిడ్జి, అవతల జొన్నాడ. మంచులో నది కనపడలేదు, బ్రిడ్జి చప్పుడు మాత్రం వినిపించింది.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాను. ఇప్పుడున్న బ్యారేజీ కాటన్ కట్టింది కాదు, పాత ఆనకట్ట స్థానంలో 1970ల్లో మొదలుపెట్టి తర్వాత కట్టింది. అయినా పేరు ఆయనదే. ఇక్కడ నది ఒకే ముక్క కాదు. మధ్యలో లంకలు ఉండటం వల్ల ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. నదిని ఒక్కసారిగా ఆపకుండా, ఉన్న లంకల్ని వాడుకుని ముక్కలుగా కట్టడం అనే ఆలోచన ఎంత బాగుందో పుస్తకంలో బొమ్మ చూస్తే తెలీదు, గట్టు మీద నిలబడితే తెలుస్తుంది. కాటన్ కింద పనిచేసి, వేల మంది కూలీల్ని కూడగట్టిన వీణం వీరన్న గారిని కూడా ఇక్కడే తలుచుకోవాలి. దొర మాట కూలీకి, కూలీ మాట దొరకి చేరాలంటే మధ్యలో ఒక మనిషి ఉండాలి కదా.

రాజమండ్రి దాటి గోకవరం. అక్కణ్నుంచి కొండలు మొదలు. రంపచోడవరంలో పెట్రోల్ నిండా కొట్టించాను. ఈ 'రంప' పేరు మీదే 1879 తిరుగుబాటు ఉంది. కల్లు మీద వేసిన చిగురుపన్ను లాంటివి కొండ జనాన్ని రగిలించాయి. తర్వాత 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసింది కూడా ఈ మన్యంలోనే. సినిమాల పుణ్యమా అని ఈ కథ మీకందరికీ తెలుసు, వదిలేస్తున్నా.

మారేడుమిల్లిలో ఒక హోటల్ ఆయన్ని అడిగి, వాళ్ల వంటపాక పక్కన బండి పెట్టుకున్నాను. నాలుగు అరటిపళ్లు ఇస్తే, ఆయన బొంగులో చికెన్ చిన్న బొంగు ఒకటి ఇచ్చి డబ్బులు వద్దన్నాడు. "ఒక్కడివే వచ్చావా?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి నాకే అనుమానం వచ్చి వెనక్కి తిరిగి చూసుకున్నాను.

చలి వణికించేసింది. అయినా దోమలు ఉన్నాయి. అమ్మ కుట్టిన దోమతెరలో పడుకుని జార్జ్ ఎవరెస్ట్ గురించి ఆలోచించాను. అవును, ఆ ఎవరెస్టే! శిఖరానికి పేరున్నాయన. దేశం మొత్తాన్ని త్రికోణాలుగా కొలిచే మహా సర్వే 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ చేతుల మీదుగా మొదలైంది. ఎవరెస్ట్ ఆయనకి సహాయకుడిగా హైదరాబాద్ వచ్చి చేరాడు. 1819లో కృష్ణకీ గోదావరికీ మధ్య అడవుల్లో కొలవడానికి పంపితే, వానాకాలంలో అడవి జ్వరం పట్టుకుంది. ఆయనే కాదు, బృందంలో చాలామంది పడిపోయారు. కోలుకోవడానికి ఆయన్ని సముద్రం దాటించి దక్షిణాఫ్రికా చివరన ఉన్న కేప్‌కి పంపాల్సి వచ్చింది. అది చెడుగాలి వల్ల వచ్చే జ్వరం అనుకునేవారు అప్పట్లో. దోమకీ మలేరియాకీ సంబంధాన్ని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే 1897లో పట్టుకున్నాడు. అంటే ఎవరెస్ట్‌కి కావాల్సిన సమాధానం ఆయన మంచం పట్టిన నేల మీదే, 78 ఏళ్లు ఆలస్యంగా దొరికింది.

థియోడొలైట్ మోసిన కూలీలకీ అదే జ్వరం వచ్చి ఉంటుంది. వాళ్లని కేప్‌కి ఎవరు పంపుతారు?

రెండో రోజు: చింతూరు, కూనవరం

మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాట్ రోడ్డు. ఓమ్నికి ఇంజిన్ డ్రైవర్ సీటు కిందే ఉంటుంది కాబట్టి ఎక్కుడులో మనమూ కాగుతాం. రెండో గేర్‌లో, కిటికీలు రెండూ తీసి, ఎద్దుబండిలా వెళ్లాను. సిగ్నల్ పోయింది. ముందే దింపుకున్న మ్యాప్‌లో నీలం చుక్క ఒక్కటే కదులుతోంది. గంటసేపట్లో రెండు లారీలు, ఒక బస్సు, కట్టెలమోపుతో నడిచెళ్తున్న ఇద్దరు ఆడవాళ్లు. అంతే. వాళ్లని చూశాక అవుట్‌బ్యాక్ అనే మాట నోట్లోంచి రాలేదు. నాకు మనిషి లేని దారి. వాళ్లకి వంటింటికి కట్టెలు తెచ్చుకునే దారి.

ఈ కొండల్లోనే పొల్లూరు దగ్గర దిగువ సీలేరు పవర్‌హౌస్ ఉంది, 460 మెగావాట్లు. మన కోనసీమ వాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. వానాకాలం పంటకి గోదారి నీళ్లకి కొదవ లేదు, సముద్రంలోకి పోయేది పోగా మిగిలిందే బోలెడు. దాళ్వాకే ఇబ్బంది. జనవరి దాటాక గోదావరి ఎండుతుంది. అప్పుడు ధవళేశ్వరానికి వచ్చే నీళ్లలో పెద్ద భాగం సీలేరుది. ఒడిశాలో బలిమెల రిజర్వాయర్లో ఆగిన నీళ్లు, సీలేరు పవర్‌హౌస్‌లలో కరెంటు పుట్టించి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదారిలోకి దిగి, ధవళేశ్వరం చేరి, మన కాలవల్లోకి వస్తాయి. మా ఇంటి వెనక అరటి తోటలో మార్చి నెలలో పారే నీరు ఈ కొండ దిగివచ్చిన నీరు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ నీళ్లలో ఆడుతున్నా, ఎక్కణ్నుంచి వస్తున్నాయని అడగాలనిపించలేదు.

నా రూమ్మేట్‌ది కూనవరం దగ్గర చిన్న ఊరు. పేరు రాయొద్దన్నాడు. సెలవులకి ఇంటికొచ్చి ఉన్నాడు. మెయిన్ రోడ్డు దాకా బైక్ మీద ఎదురొచ్చి ఓమ్నిని చూసి పడీపడీ నవ్వాడు. వాళ్లు కోయవాళ్లు, ఇంట్లో కోయ మాట, నాతో తెలుగు. వాళ్ల మామ్మకి మా తాతయ్య లాంచీలో సరంగని చెబితే, ఆవిడ ముఖం వెలిగిపోయింది. లాంచీ వస్తోందంటే పిల్లలంతా రేవుకి పరిగెత్తేవాళ్లమని, దాని కూత ఊరంతా వినపడేదని చెప్పింది. మా తాతయ్య ఎవరో ఆవిడకి తెలీదు. ఆ కూత వేసినవాళ్లలో ఒకడని అర్థమైంది, అది చాలు. రాత్రికి నన్ను ఓమ్నిలో పడుకోనివ్వలేదు.

1940, 41లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త భార్యతో కలిసి ఈ గోదారి కొండల్లోనే తిరిగాడు. కొండరెడ్ల గురించి 1945లో పెద్ద పుస్తకం వేశాడు. పాపికొండలకి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరుని బట్టి, పుస్తకం పేరులో అడవిదున్నల కొండలు అని ఉంటుంది. పోడు ఎలా కొడతారు, ఇల్లు ఎలా కడతారు, పెళ్లి ఎలా చేస్తారు అన్నీ రాశాడు. కొలవడానికి వచ్చినవాళ్లు, పత్తి కోసం వచ్చినవాళ్లు, రాయడానికి వచ్చినవాళ్లు... ఈ నది ఒడ్డుకి వచ్చినవాళ్ల లిస్టు పెద్దదే. ఆ సాయంత్రం ఆ లిస్టులో ఆఖరివాణ్ని నేనే, ఫోన్ పట్టుకుని.

సాయంత్రం రూమ్మేట్ వాళ్ల నాన్న గోడ మీద గీత చూపించాడు. 2022 జులై వరద గుర్తు. నా భుజం దాటి ఉంది. అప్పుడు భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి వచ్చింది. గోదారి అంత ఎత్తున ఉంటే శబరి నీళ్లు దిగడానికి దారి ఉండదు, వెనక్కి ఎగదన్నుతాయి. కూనవరానికి రెండు నదులూ కలిసి దెబ్బ కొడతాయి.

వరద ఒక్కటే అయితే వచ్చి పోతుంది. పోలవరం నిండితే వచ్చే నీళ్లు పోవు. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. ఈ మండలాలు మునగాల్సినవే కాబట్టి 2014లో తెలంగాణ నుంచి ఏడు మండలాల్ని ఆంధ్రలో కలిపారు. పునరావాసం మాత్రం రెండు దశల్లో పెట్టారు. 41.15 మీటర్ల గీత దాకా మొదటి దశ. ఆ పైన 45.72 దాకా తర్వాత. రెండు గీతలకీ మధ్య తేడా 4.57 మీటర్లు. పదిహేను అడుగులు. మా హాస్టల్ ఫ్లోర్ ఒకటిన్నర ఎత్తు.

వీళ్ల ఇల్లు ఆ పదిహేను అడుగుల్లో ఉంది. కింద గీతకి పైన, పై గీతకి కింద. మొదటి దశలో లేరు. కొత్త ఇల్లు కట్టుకోవాలంటే మునిగేది కదా అని భయం, కప్పు మార్చాలన్నా అదే. వాళ్లక్క పెళ్లి ఈ ఇంట్లో చెయ్యాలా, వెళ్లాక చెయ్యాలా అని రెండేళ్లుగా ఆలోచిస్తున్నారు. వాన పడితే సామాన్లు కట్టుకుని గట్టుకి ఎక్కుతారు, తగ్గితే దిగి బురద కడుక్కుంటారు.

అన్నాలు అయ్యాక ఆయన అడిగాడు.

"నువ్వూ మావోడితో సివిలే గదా బాబూ. మా ఇల్లు ఎంత ఎత్తుల ఉందో నీ ఫోన్ల తెలుస్తదా?"

నా ఫోన్‌లో రెండు యాప్‌లు ఉన్నాయి. అరుగు మీద ఫోన్ పెట్టి చూశాను. ఒకటి 38 మీటర్లు అంది. కాసేపాగి 51 అంది. ఇంకోటి మైనస్‌లో చూపించింది. ఆయన నా మొహం వైపు చూస్తున్నాడు.

ఇక్కడ కొంచెం సబ్జెక్టు తప్పదు, సివిల్ కానివాళ్లు క్షమించండి. ఫోన్ జీపీఎస్ మనం ఎక్కడున్నామో కొద్ది మీటర్ల తేడాతో చెబుతుంది గానీ, ఎత్తు విషయంలో దాని తప్పు ఇంకా ఎక్కువ. పైగా జీపీఎస్ కొలిచేది సముద్రమట్టం నుంచి కాదు. భూమికి లెక్క కోసం పెట్టుకున్న ఒక నున్నటి గుడ్డు ఆకారం నుంచి. మన దేశంలో అసలు సముద్రమట్టం ఆ ఆకారానికి పదుల మీటర్లు కిందకి ఉంటుంది. అందుకే ఆ తేడాని సరిచెయ్యని యాప్ రావులపాలెంలో మా ఇంటి ముందు కూడా మైనస్ చూపిస్తుంది, మనం పాతాళంలో ఉన్నట్టు. అంటే వాళ్ల బతుకు ఆగిపోయిన పదిహేను అడుగుల కన్నా నా ఫోన్ తప్పే పెద్దది.

"దీంట్లో తెలీదు బాబాయ్. పరికరంతో కొలవాలి" అన్నాను.

"ఎవరొచ్చినా కొలుస్తరు. మాకైతే చెప్పరు" అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. వాన వస్తుందేమో అన్నట్టు అన్నాడు.

రూమ్మేట్ వాళ్లమ్మ పూతరేకు నోట్లో పెట్టుకుని, ఇది కాగితమా తినేదా అని నవ్వింది. తర్వాత, "మీ వూరికి నీళ్లు ఈడికెళ్లే గదా పోయేది" అంది. అవునన్నాను. అంతకన్నా ఏం చెప్పాలో తెలీలేదు.

మూడో రోజు: భద్రాచలం, దుమ్ముగూడెం

భద్రాచలంలో రాములవారి దర్శనం చేసుకుని స్నానాల ఘాట్ దగ్గరికి వెళ్లాను. వరద రోజుల్లో వార్తల్లో వినే అంకెలన్నీ ఈ ఒడ్డువే. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, దాన్ని ఇంకా ఏ వరదా దాటలేదు. నేను వెళ్లిన రోజు నది కింద ఎక్కడో ఇసుక మధ్యలో ఉంది. మెట్లు దిగుతూ ఎన్ని అడుగులు పైనుంచి వచ్చి ఉంటుందో లెక్కపెట్టబోయి మధ్యలో ఆపేశాను.

మధ్యాహ్నానికి దుమ్ముగూడెం. ఓడిన ప్రాజెక్టు అంటే ఏ శిథిలమో, పిచ్చిమొక్కలో అనుకుంటూ వెళ్లాను. నది మీద రాతికట్టు ఈ చివర్నుంచి ఆ చివరికి ఉంది, దాని మీంచి నీళ్లు సన్నగా జారుతున్నాయి. నీటి మట్టం తక్కువగా ఉంది కాబట్టి కింద నల్లటి బండలు పళ్లలా కనిపించాయి. ఈ బండలే పడవలకి అడ్డం అని హేగ్‌కి అనిపించినవి. పడవ ఈ కట్టు దాటాలంటే పక్క కాలువలోకి తిరిగి, లాకుల్లోంచి మెట్టుమెట్టుగా ఎక్కాలి. లొల్ల లాకులు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, అదే పద్ధతి.

పత్తి పడవలు రాలేదు. కానీ కట్టు నిలిచింది. ఇప్పుడు దీని దగ్గర చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది. ఖమ్మం వైపు పొలాలకి నీళ్లు ఎత్తిపోసే సీతారామ ప్రాజెక్టు కూడా ఈ ఆనకట్ట ఎగువ నుంచే నీళ్లు తీసుకునేలా రూపొందింది. కట్టినవాళ్ల లెక్కలో లేని పనులన్నీ ఈ కట్టు చేస్తోంది. అదృష్టమో, గట్టి సున్నమో!

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయనకి అరటిపళ్లు ఇచ్చి కూర్చున్నాను. ఈ కట్టు ఎందుకు కట్టారో తెలుసా అంటే, "తెల్లోళ్లు కట్టిన్రు, చేపలు బాగ పడతయి" అన్నాడు. అంతకంటే మంచి ప్రాజెక్ట్ రిపోర్టు నేనెక్కడా చదవలేదు.

పత్తి దారి వెతికినవాళ్లు ఆగిపోయిన 1871లోనే, ఇక్కడికి దగ్గర్లోనే ఇల్లెందు ప్రాంతంలో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గు కనిపెట్టాడు. సింగరేణి అలా మొదలైంది. అన్వేషకుడు వెతికింది దొరక్కపోయినా, ఇంకొకరికి ఇంకోటి దొరుకుతుంది. ఆ దొరికినదాని కింద ఎవరి ఊరు ఉందన్నది మాత్రం మ్యాప్‌లో ఆఖరున రాసే విషయం.

నాలుగో రోజు అంతా తిరుగు ప్రయాణమే. ఘాట్ పగలే దిగేసి, చీకటిపడేసరికి జొన్నాడ. గెల కాడ ఒక్కటే మిగిలింది.

వెళ్లాలనుకునేవాళ్లకి

వానాకాలంలో వద్దు. రంపచోడవరంలోనే పెట్రోల్ నింపుకోండి. ఘాట్ రోడ్డు రాత్రి ఎక్కొద్దు, మ్యాప్ ముందే దింపుకోండి. దోమతెర కచ్చితంగా పట్టుకెళ్లండి, ఎవరెస్ట్‌ని గుర్తుపెట్టుకోండి. అడవి మధ్యలో బండి ఆపి పడుకోవద్దు, ఊళ్లో ఎవరినైనా అడిగి వాళ్ల వాకిట్లో పెట్టుకోండి. అడిగితే ఎవరూ కాదనలేదు. జనం ఇళ్లని, మనుషుల్ని అడక్కుండా ఫొటోలు తీయొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, మునిగిపోయే ఊళ్లని చూడటానికి వచ్చాం అని వాళ్ల ముందు అనొద్దు. అక్కడ ఇవాళ పొయ్యి వెలుగుతోంది, పిల్లలు స్కూలుకి వెళ్తున్నారు.

ఇంటికొచ్చాక తాతయ్య అడిగింది ఒక్కటే: "కూనవరం రేవు ఉందా?" ఉందన్నాను. నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయన్నాడు, మెట్లకి చాలా కిందన్నాను. తల ఊపి వేరే మాటలోకి వెళ్లిపోయాడు.

ఎనిమిదో సెమ్‌కి ప్రాజెక్టు టైటిల్ ఇమ్మన్నారు. మా బ్యాచ్‌లో సగం మంది కాంక్రీట్‌లో ఏదో ఒకటి కలిపి బలం చూసే పనిలో ఉన్నారు, మంచిదే. రూమ్మేట్, నేను కలిసి వేరేది ఇచ్చాం. సర్వే ల్యాబ్‌లో ఆటో లెవెల్ ఉంది, స్టాఫ్ ఉంది. సముద్రమట్టం నుంచి ఎత్తు రాసిపెట్టిన బెంచ్‌మార్క్ కూనవరానికి దగ్గర్లో ఎక్కడుందో చూసుకుని, అక్కణ్నుంచి మెట్టుమెట్టుగా లెవెల్స్ మోసుకుంటూ వాళ్ల ఊరి దాకా వెళ్లాలి. వెళ్లినదారినే వెనక్కి కొలుచుకుంటూ వచ్చి లెక్క కలుస్తోందో లేదో చూడాలి. ఊళ్లో ప్రతి ఇంటి అరుగు ఎత్తు సెంటీమీటర్లతో సహా ఒక కాగితం మీద, తెలుగులో రాసి ఇవ్వాలి. మా గైడ్ గారు ఇందులో కొత్తదనం ఏముందని అడిగారు. ఏమీ లేదండీ, 1802 నుంచి ఉన్న పనే అన్నాం. నవ్వి సంతకం పెట్టారు.

ఈ కొలతతో ఏ గీతా జరగదు, ఏ దశా మారదు, అది మాకు తెలుసు. ఆయన అడిగింది గీత జరపమని కాదు, ఇల్లు ఎంత ఎత్తులో ఉందని. ఫిబ్రవరిలో గోదారి బాగా తగ్గాక, అదే ఓమ్నిలో ఇద్దరం వెళ్తున్నాం. స్టాఫ్ పొడుగు కదా, వెనక డోర్ మూతపడదు, తాడుతో కట్టుకోవాలి.